ఆకలి రుచి యెఱుగదా?

"ఆకలి రుచి యెఱుగదు, నిద్ర సుఖ మెఱుగదు" అను సామెత తెలుగువారి కెల్లరకును కంఠస్థము. పగలెల్ల పొలమున శ్రమించి యిల్లు చేరినవాడు చల్ది యన్నమును ఉప్పుగల్లును అమృతముగా భావించి భుజించుచు, తన్ను గుఱించి తాను చెప్పుకొనిన మాట యిది. ఈ మాట ఆకలిగొన్నవాని నోట నున్నంత కాలము అందముగనే యుండును. కాని అన్నము పెట్టువాని నోట బడెనా, దాని యర్థము మాఱిపోవును. "ఆకలిగొన్నవానికి రుచి యెందులకు? ఏది యిచ్చినను తినును" అను కఠినమైన తలంపునకు అది ముసుగగును. పేదలకొఱకు ఆహారపదార్థములు సేకరించు పాఠశాలలలోను సంఘములలోను ఈ తలంపు ఏదో యొక మూల దాగియుండుట మనము చూచుచునే యున్నాము. దానిని వెలికి దీసి పరిశీలించుటయే యీ చిన్న వ్యాసము యొక్క యుద్దేశము.

ఆహార భాండార మనగా నేమో చిన్న తరగతులవారికి ముందుగా తెలుపవలసియున్నది. ఒక పేటలోని గృహస్థులు, వర్తకులు, పాఠశాలలవారు ఇచ్చిన బియ్యము, పప్పులు, నూనె, ఉప్పు, చింతపండు, బెల్లము మున్నగు నిలువయుండు సరకులను ఒకచోట భద్రపఱచి, అవసరము గల కుటుంబములకు వెల గొనక యిచ్చు స్థలమే ఆహార భాండారము. అన్నసత్రమునకును దీనికిని భేదము కలదు. సత్రమునందు వండిన యన్నమును విస్తరిలో వడ్డింతురు. బాటసారికిని దిక్కులేనివానికిని అదియే తగినది. కోనసీమలోని లంకల గన్నవరమున డొక్కా సీతమ్మగారు (1841–1909) వేళగాని వేళ వచ్చినవారికి సైతము వండి వడ్డించి కీర్తి గాంచిరి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2024లో బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకమునకు ఆమె పేరే పెట్టినది. కాని యిల్లు గలిగి, పొయ్యి గలిగి, ఆ నెల పని దొరకకనో, యింటి పెద్దకు జబ్బు చేసియో సరకులు నిండుకొనిన కుటుంబమునకు సత్రపు పంక్తికంటె భాండారపు సంచి మేలు. ఆ సంచి వారి యింటికి బోవును. ఆ యింటి తల్లియే తన చేతితో, తన పిల్లలకు ఇష్టమైన రీతిని వండి పెట్టును. వండుకొను స్వాతంత్ర్యము ఆమెకు మిగిలియుండుటయే ఈ దానములోని విశేషము.

ఇట్టి భాండారములకు సరకులు సమకూర్చు ఆహారపు బ్యాంకు మొట్టమొదట అమెరికా దేశమున, ఆరిజోనా రాష్ట్రములోని ఫీనిక్సు నగరమందు 1967లో వెలసినది. జాన్ వాన్ హెంగెల్ అను నాయన అచ్చటి తోటల యజమానుల యనుమతితో, వారు కోయక విడిచిన నారింజ జాతి పండ్లను సేకరించి పేదల భోజనశాలల కిచ్చుచుండెను. పదిమంది బిడ్డలను పోషింపవలసిన యొక తల్లి ఆయనతో మాటలాడుచు, పెద్ద దుకాణములవారు వెనుకటి చెత్తడబ్బాలలో పాఱవేసిన మంచి పదార్థములతో తన పిల్లలను సాకుచున్నట్లు చెప్పెనట. సొమ్ము దాచుకొనుటకు బ్యాంకు ఉన్నట్లే, మిగిలిన తిండిని దాచి, కావలసినవారు తీసికొనుటకును ఒక చోటుండిన బాగుండునని ఆమె పలికెనట. ఆ మాటయే బీజమై, సెయింట్ మేరీస్ దేవాలయమువారు ఇచ్చిన యొక పాత భవనములో తొలి బ్యాంకు మొలకెత్తినది. నేడు ఆ దేశమున సుమారు 200 ఆహారపు బ్యాంకులు ఒకే కూటమిగా పనిచేయుచున్నవి. 1993 మొదలు, కరోనా కాలమున దక్క, మే నెల రెండవ శనివారమున అచ్చటి తపాలావారు ఉత్తరములు పంచుచునే, గృహస్థులు తమ ఉత్తరముల పెట్టెలయొద్ద ఉంచిన ఆహారపు సంచులను సేకరించి భాండారములకు చేర్చుచున్నారు.

ఈ వృత్తాంతములో మనము గమనింపదగిన విషయ మొకటి కలదు. ఆ తల్లి చెత్తడబ్బానుండి తీసినది చెడిపోయిన తిండి కాదు. తినదగిన దానిని పాఱవేయుటయే అచ్చట దోషము. మిగులు వేఱు, పనికిమాలినది వేఱు. మన పల్లెలలో కోతలైన తరువాత చేలలో రాలిన వెన్నులను పేదలు ఏరుకొనుట కలదు. దానిని పరిగె యందురు. పరిగె గింజయు, రైతు గాదె చేరిన గింజయు ఒకే చేనిలో పండినవి, ఒకే రుచి గలవి. అట్లు తనతో సమానమైనదానిని ఎదుటివానికి విడుచుట మిగులు. గాదె యడుగున పురుగు పట్టి, రైతు తన యింట వండుకొన నొల్లని గింజను సంచికెత్తి పేదవాని యింటికి పంపుట పరిగె కాదు, దానము కాదు. అది గాదె శుభ్రము చేసికొనుట మాత్రమే.

సోదర విద్యార్థులారా! ఆహార సేకరణ దినమున వచ్చు సంచులను ఎన్నడైన విప్పి చూచితిరా? ఎక్కువ సంచులలో మంచి సరకే యుండును. అది మన తల్లుల పెద్దమనస్సునకు సాక్ష్యము. కాని కొన్నింట ముక్కపురుగు తిరుగు బియ్యము, గడువు తీరి నెలలు గడచిన బిస్కెట్టు పొట్లములు, మూత వదులై కంపు గొట్టు నూనె, ఎవరో కానుకగా నిచ్చినను ఇంట నెవరును తినని డబ్బాలు కానవచ్చును. వీనిని పంపినవారు దుష్టులు కారు. "పాఱవేయుటకంటె ఎవరికైన నిచ్చుట మంచిది కదా!" అని వారు తలంతురు. పొరపాటు ఆ తలంపులోనే యున్నది. పాఱవేయవలసిన వస్తువు పేదవాని చేతికి బోయినంతమాత్రమున మంచి వస్తువు కాజాలదు. పైగా దానిని ఏరి పాఱబోయు శ్రమ భాండారమున పనిచేయువారిపై బడును. కాబట్టి నేను ప్రతిపాదించు నియమ మొక్కటే: ఈ రాత్రి మన యింట వండుకొనుటకు సందేహింపని వస్తువునే ఇయ్యవలెను. తల్లి తన బిడ్డకు పెట్టని దానిని ఇంకొక తల్లి బిడ్డకు పంపరాదు.

బ్రదికియుండుటకు గింజ చాలును గదా, ఇన్ని నియమము లెందులకని కొంద ఱనవచ్చును. ఈ వాదము క్రొత్తది కాదు. 1876–78 సంవత్సరములలో మద్రాసు రాజధానిలో ఘోరమైన కఱవు సంభవించి కర్నూలు, కడప, బళ్లారి, నెల్లూరు మండలములను పీడించినప్పుడు, ప్రభుత్వమువారు పంపిన సర్ రిచర్డు టెంపుల్ అను నధికారి, పనిచేయు పురుషునకు దినమునకు ఒక పౌను ధాన్యము కొనుటకు తగిన సొమ్మును, దానిపై కొద్దిపాటి పైకమును చాలునని 1877లో నిర్ణయించెను. పౌనన నేటి లెక్కకు సుమారు 450 గ్రాములు. రాజధాని ఆరోగ్యశాఖ కమిషనరైన డాక్టరు కార్నిష్ దీనిని గట్టిగా వ్యతిరేకించెను. కష్టపడి పనిచేయు శరీరమునకు ఇంత కొద్ది ధాన్యము చాలదనియు, పప్పు మున్నగునవి లేనిదే బలము నిలువదనియు ఆయన వాదించెను. కొన్ని నెలలకు కూలి హెచ్చింపబడినది. దేహమును నిలుపునది గింజ యొక్కటే కాదని ఆ కఱవు కాలముననే యొక వైద్యుడు చెప్పవలసి వచ్చినది. నేడు మనము సంచిలో బియ్య మొక్కటే పోసి తృప్తి పడుట తగునా?

రుచి విషయము మన కండ్ల యెదుటనే ఋజువైనది. చౌకధరల దుకాణములలో పంచిన దొడ్డుబియ్యమును తెలంగాణమున అనేక కుటుంబములు తినలేక తక్కువ వెలకు అమ్ముకొనుచుండెను. ఆ బియ్యము చేతులు మాఱి, కొంత కోళ్ల మేతకును పోవుచుండెను. ప్రభుత్వము వసతిగృహములలోను బడులలోను 2015 జనవరి నుండి సన్నబియ్యపు టన్నము పెట్టించుచున్నది. 2025 ఉగాదినాడు హుజూర్‌నగర్ పట్టణమున, చౌకధరల దుకాణములద్వారా కూడ సన్నబియ్యము పంచు పథకమును ప్రారంభించినది. బీదవాడు అన్న మొల్లక దొడ్డుబియ్యము అమ్ముకొనలేదు. తక్కినవారు తిను అన్నమునే తానును తినగోరెను. ఆకలి రుచి యెఱుగు ననుటకు ఇంతకంటె నిదర్శన మేమి కావలెను?

ఇచ్చట కొందఱు పెద్ద లొక యాక్షేపణ తెచ్చుట కలదు. "1983లోనే కిలో రెండు రూపాయల బియ్యము వచ్చినది. 2013 నాటి ఆహార భద్రతా చట్టము ప్రకారము మనిషికి నెలకు 5 కిలోల ధాన్యము లభించుచున్నది. 2023 జనవరి నుండి అదియు ఉచితమే. ఇంక భాండారము లెందులకు?" అని వారి ప్రశ్న. ప్రశ్న న్యాయమైనదే. ప్రభుత్వము చేయు మేలును మనము తక్కువ చేయరాదు. ఆ బియ్యము లేకున్నచో లక్షల యిండ్లలో పొయ్యి రాజదు. కాని ఆ బియ్యమును అన్నముగా మార్చి పిల్లవాని కంచములో పెట్టుటకు పప్పు కావలెను, నూనె కావలెను, ఉప్పు చింతపండు కావలెను. వీనికి సొమ్ము కావలెను. మఱియు కార్డు లేనివారును, కార్డులో పేరు చేరని క్రొత్త కోడండ్రును పసిపిల్లలును, వ్రేలిముద్ర యంత్రమునకు అందని వృద్ధులును ప్రతి పేటలో నలుగురైన నుందురు. చట్టము పెద్ద ద్వారము. ఆ ద్వారమున బోలేనివారికి ఇరుగుపొరుగువారు తెఱచు చిన్న తలుపు ఆహార భాండారము. ఒకటి యుండుటవలన రెండవది అనవసరము కాదు.

రెండవ యాక్షేపణ మఱియొకటి: ఉచితముగా నిచ్చిన జనులు సోమరులగుదురని. పైన చెప్పిన కఱవు కాలముననే ఒంగోలులోని అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌగారు బకింగ్‌హాం కాలువలో కొన్ని మైళ్ల త్రవ్వకము గుత్తకు దీసికొని, కఱవుచే నలిగిన వేలమందికి పని కల్పించిరి. పనిచేయగలవారు పని దొరకెనేని వదలుకొనలేదు. సోమరితనమువలన ఆకలి పుట్టుట అరుదు. పని లేకపోవుటవలనను, జబ్బువలనను, అప్పువలనను పుట్టుటయే తఱచు. ఆ క్లౌగారే, తిండికొఱకు ఎవరును మతము పుచ్చుకొనరాదని తలంచి, కఱవు సహాయము జరుగునంత కాలము బాప్తిస్మము లిచ్చుట నిలిపివేసిరి. అన్నమునకు వెల గట్టరాదను ధర్మమును ఆయన ఆచరణలో జూపిరి. వెల యనగా సొమ్ము మాత్రమే కాదు. మతము వెల కావచ్చును, వోటు వెల కావచ్చును, పొగడ్త వెల కావచ్చును.

ఈ కాలమున నింకొక వెల యేర్పడినది. అది ఫోటో. అయిదు కిలోల సంచి నందించుచు, పదిమంది దాతలు వరుసగా నిలిచి, నడుమ నొక వృద్ధురాలిని నిలిపి తీయు చిత్రములను మనము ప్రతిదినము చూచుచున్నాము. ఆ చిత్రములో దాతల ముఖములు వెలుగుచుండును. ఆమె ముఖము నేలచూపు చూచుచుండును. ఆ సంచి ఒక వారములో అయిపోవును. ఆ చిత్రము మాత్రము ఆమె మనుమలు పెద్దవారైనను ఎక్కడనో నిలిచియుండును. ఇంత వెలకు ఆమె యా బియ్యమును ఏ యంగడిలోనైనను కొనవలసి యుండునా?

పాఠశాలలో ఈ విషయము మఱింత సున్నితమైనది. మనలో సంచి తెచ్చు విద్యార్థియు, ఆ సంచి ఎవరి యింటికి బోవునో ఆ విద్యార్థియు ఒకే బల్లపై కూర్చుండవచ్చును. ఆ సంగతి మఱచి, ఏ తరగతివారు ఎక్కువ బియ్యము తెత్తురో వారికి షీల్డు ఇత్తుమని ప్రకటించుట కొన్ని పాఠశాలలలో నాచారము. పందెము పెట్టినచో రాశి పెరుగు ననుట నిజమే. కాని తరగతిలో ఏమియు తేలేని బాలుడు ఆ దినమున తల యెక్కడ పెట్టుకొనును? వాని తల్లి చేబదులు దెచ్చియైన రెండు గ్లాసుల బియ్యము మూటగట్టి పంపును. పేదలకొఱకు జరుగు సేకరణ పేదవాని డబ్బానే ఖాళీ చేయుట యెంత విపరీతము! కావున తరగతుల పందెములు, పేర్లు చదువుటలు, షీల్డులు ఈ కార్యమున మానవలెనని నా యభిప్రాయము. ఒకే తీరు గుడ్డసంచులు అందఱకు నిచ్చి, మూతగల పెద్ద పీపాలలో ఎవరి సంచి వారు మౌనముగా గుమ్మరించు నేర్పాటు చేసినచో, ఎవ డెంత తెచ్చెనో ఎవ రేమియు తేలేదో ఎవరికిని తెలియదు. తీసికొను కుటుంబమువారును సాయంకాలము బడి విడిచిన తరువాత వచ్చి, బల్లలపై నుంచిన సరకులలో తమకు కావలసినవి తామే ఏరుకొని తీసికొని పోవలెను. అమెరికా భాండారములలో అనేకము లిప్పు డీ పద్ధతినే యవలంబించుచున్నవి. ఏరుకొను హక్కు గలవాడు యాచకుడు కాడు.

ఇంక కాలమును గుఱించి యొక మాట. పండుగ నెలలో సంచులు కొండవలె పేరుకొనును. వేసవి సెలవులలో భాండారము బోసిపోవును. బడి మూతపడి మధ్యాహ్న భోజనము లేని ఆ నెలలలోనే పేద యిండ్లలో పిల్లల యాకలి హెచ్చు. దీనికి మన పెద్దలు కనిపెట్టిన యుపాయము పిడికెడు బియ్యము. అన్నము వండునప్పుడెల్ల ఒక పిడికెడు తీసి వేఱొక కుండలో వేయుట మన తెలుగు క్రైస్తవ కుటుంబములలో అనేకులకు తెలిసిన యలవాటు. మిజోరాములోని స్త్రీలు సుమారు 1910 మొదలు ఈ పిడికెడు బియ్యముతోనే తమ సంఘకార్యములకు గొప్ప నిధిని కూర్చుచున్నారు. 2014లో హైదరాబాదున నొక పత్రికారచయిత్రి, తలపై మంచునీరు గుమ్మరించుకొను నాటి వేడుకకు బదులుగా, అవసరము గలవారికి ఒక బకెట్టు బియ్య మిచ్చు ఉద్యమమును ప్రారంభింపగా అది దేశదేశములకు వ్యాపించినది. బకెట్టు ఒకనాటి యుత్సాహము. పిడికెడు నిత్యము జరుగు వ్రతము. రెండును మంచివే, కాని భాండారమును నిలుపునది రెండవదే.

చిన్న లెక్క చూడుడు. 300 యిండ్లలో దినమున కొక్క పిడికెడు, అనగా సుమారు 40 గ్రాములు, తీసి యుంచినచో దినమునకు 12 కిలోలు, ముప్పది దినములకు 360 కిలోలు అగును. నలుగురున్న కుటుంబమునకు నెలకు 30 కిలోలు చొప్పున 12 కుటుంబములకు అది చాలును. ఇచ్చిన యింటిలో కొఱత తెలియదు. అందిన యింటిలో నిండుదనము తెలియును. బియ్యము నేదో యొక రకముగా నిర్ణయించుకొనవలెను. పది రకములు కలసినచో అన్నము సరిగా ఉడకదు. నెల కొకమాఱు జల్లెడ పట్టి, వేపాకు వేసి, మూతగల డబ్బాలలో నుంచవలెను. ముందు వచ్చినది ముందు పోవలెను. పొట్లములపై గడువు తేది చూచి, తీరినవానిని తీసికొనరాదు. పప్పు నూనెలు వేఱువేఱుగా తెచ్చుటకంటె, పెద్దలు ఆ సొమ్మును భాండారమున కిచ్చినచో టోకు ధరకు ఎక్కువ సరకు కొనవచ్చును. పిల్లలు మాత్రము వస్తువునే తేవలెనని నా కోరిక. తన చేతితో పిడికెడు తీయు పిల్లవాడు ఎదుటివాని కంచమును గుఱించి ఆలోచించుట నేర్చుకొనును.

తల్లిదండ్రులారా! ఉపాధ్యాయులారా! ఈ పాఠశాలలో మేము ప్రపంచ పటమున దేశములను గుర్తించుట నేర్చుకొనుచున్నాము. మన వీథిలో ఏ యింట పొయ్యి రాజలేదో గుర్తించుటయు విద్యలోనిదే. వచ్చు విద్యాసంవత్సరమున ప్రతి యింట నొక చిన్న కుండ పెట్టింపుడు. అందులో మీరు తిను బియ్యమునే వేయింపుడు. ఆకలి రుచి యెఱుగదను మాట చెప్పుకొను హక్కు ఆకలిగొన్నవానిది. దానిని వానికే విడిచిపెట్టుదము. పెట్టువారికి తగిన మాట వేఱొకటి కలదు: మనము తినునదే వారికిని.